కొత్త ఓఎస్, రాయని డిస్క్: హార్డ్ డిస్క్ రాత లోపాల నిర్ధారణ

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేస్తుండగానో, వేసిన కొద్ది రోజులకో ఫైళ్లు డిస్క్‌పైకి ఎక్కకపోవడం, సగం కాపీ అయి ఆగిపోవడం, ఎక్కినట్టే కనిపించి తరువాత తెరుచుకోకపోవడం వంటి ఇబ్బందులన్నిటినీ కలిపి రాత లోపాలు అనవచ్చు. ఇవి ఎదురైనప్పుడు జనం సాధారణంగా రెండు తీర్పుల్లో ఒకటి ఇచ్చేస్తారు: డిస్క్ పోయింది, లేదా ఓఎస్ సరిగా పడలేదు. మొదటి తీర్పుతో బాగున్న డిస్క్‌ను పక్కన పడేసి కొత్తది కొంటారు. రెండో తీర్పుతో మళ్లీ ఫార్మాట్ కొట్టి, కొన ఊపిరితో ఉన్న డిస్క్‌పై ఇంకో పాతిక గిగాబైట్లు రాయిస్తారు. రెండోదే ఎక్కువ ప్రమాదకరం. మొదటి దాంతో డబ్బు పోతుంది. రెండో దాంతో పెళ్లి ఫొటోలు, దుకాణం లెక్కలు, ఏళ్ల తరబడి రాసుకున్న థీసిస్‌లు పోతాయి.

రాత లోపం సందేశం చెప్పేది ఒక్కటే: రాత ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగిందన్నది విడిగా వెతుక్కోవాలి. ఆ వెతుకులాటకు కొత్త పరికరాల కంటే రాత నడిచే దారి తెలియడం ముఖ్యం.

రాత నడిచే దారి

సేవ్ నొక్కగానే పని అయిపోయినట్టు కనిపించినా, ఆ క్షణానికి డిస్క్‌పై ఏమీ పడి ఉండకపోవచ్చు. డేటా ముందుగా ర్యామ్‌లోని క్యాష్‌లోకి చేరుతుంది. లినక్స్ తన మామూలు అమరికలో దాన్ని దాదాపు 30 సెకన్ల దాకా అక్కడే ఉంచుకోగలదు. ఆ తరువాత ఫైల్ సిస్టమ్ చోటు కేటాయిస్తుంది, డ్రైవర్ దాన్ని డిస్క్‌కు అర్థమయ్యే ఆదేశంగా మారుస్తుంది, మదర్‌బోర్డ్ మీది కంట్రోలర్ సాటా కేబుల్ గుండా పంపుతుంది. డిస్క్ అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు దాన్ని తన సొంత క్యాష్‌లో పెట్టుకుని, వీలు చూసుకుని హెడ్‌తో పళ్లెంపై రాస్తుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా తెర మీద కనిపించే మాట దాదాపు ఒకటే. పైగా రాయమన్న ప్రోగ్రామ్ మూసేశాక కూడా అది రావచ్చు. విండోస్ 2000, ఎక్స్‌పీ రోజుల్లో గడియారం పక్కన లేచే ‘డిలేయ్‌డ్ రైట్ ఫెయిల్డ్’ హెచ్చరిక ఈ ఆలస్యం వల్ల వచ్చిందే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పళ్లెం మీది మచ్చ, అంటే బ్యాడ్ సెక్టార్, సాధారణంగా చదివేటప్పుడు బయటపడుతుంది, రాసేటప్పుడు కాదు. డిస్క్ రాసిన ప్రతిదాన్నీ వెనక్కి చదివి సరిచూసుకోదు. ఎప్పుడో ఒకనాడు ఆ సెక్టార్‌ను చదవలేకపోతే దాన్ని ‘పెండింగ్’ జాబితాలో వేసుకుంటుంది. మళ్లీ అక్కడ రాయమని ఆదేశం వచ్చినప్పుడు పరీక్షించి, బాగా లేదని తేలితే తన దగ్గర విడిగా దాచిన అదనపు సెక్టార్లలో ఒకదానికి ఆ చిరునామాను మళ్లిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఈ సంగతేదీ తెలియదు. నెట్‌ఆప్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం 15.3 లక్షల డిస్కులను 32 నెలల పాటు గమనించింది, వాటిలో 3.45 శాతం డిస్కుల్లో ఇలా దాగి ఉన్న సెక్టార్ లోపాలు కనిపించాయి. ఎవరో చదివేవరకు అవి అలా ఉండిపోతాయి.

కాబట్టి రాత లోపమే ఓఎస్ దాకా వచ్చిందంటే అనుమానించాల్సినవి మరికొన్ని ఉన్నాయి: కేబుల్, కరెంటు, కంట్రోలర్, హెడ్‌ను కదిలించే యంత్రాంగం, అదనపు సెక్టార్లు పూర్తిగా అయిపోవడం. వీటిలో చివరి రెండు డిస్క్ చావుకు సూచనలు. మొదటి మూడు డిస్క్‌తో సంబంధం లేనివి.

కొత్త ఓఎస్ వేశాకే ఎందుకు

పాత ఓఎస్‌తో బాగానే నడిచింది కదా అన్న వాదన సహజమే గానీ, దాని మీద ఆధారపడకూడదు. ఇన్‌స్టాలేషన్ అంటే డిస్క్‌కు ఒక్కసారిగా పెద్ద పరీక్ష. ఏళ్లుగా ఎవరూ తాకని చోట్ల రాస్తుంది, గంటసేపు ఆగకుండా పని చేయిస్తుంది, వేడెక్కిస్తుంది. అప్పటికే వదులైన కేబుల్, బలహీనపడిన పవర్ సప్లై ఆ గంటలో బయటపడతాయి.

ఓఎస్ మారితే డిస్క్‌తో మాట్లాడే తీరు కూడా మారుతుంది. పాతది ఒక్కో ఆదేశాన్నే పంపేది అయితే, కొత్తది ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒకేసారి 32 ఆదేశాల వరకు వరసలో పెట్టగలదు. పొదుపు కోసం సాటా లింక్‌ను మధ్యమధ్య నిద్రపుచ్చే అలవాటు కొత్త ఓఎస్‌కు ఉండవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీ కోసం ఫెడోరా 28 దీన్ని 2018లో మామూలు అమరికగా తెచ్చింది. ఆ నిద్ర సరిపడని డిస్కులను లినక్స్ కెర్నెల్ విడిగా ఒక జాబితాలో పెట్టి మినహాయించాల్సి వచ్చింది.

ఓఎస్సే దోషి అయిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. వాటిలో అత్యంత బాధాకరమైనది 137 జీబీ హద్దు. పాత ఏటీఏ పద్ధతిలో సెక్టార్ చిరునామాకు 28 బిట్లు ఉండేవి. ఒక్కో సెక్టార్ 512 బైట్లు కనుక చేరగలిగే గరిష్ఠ దూరం 137 జీబీ. ఆ తరువాత 48 బిట్ల చిరునామా వచ్చింది, 160 జీబీ డిస్కులు బజారులోకి వచ్చాయి. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీకి ఆ పెద్ద చిరునామాలు 2002 నాటి సర్వీస్ ప్యాక్ 1తో గానీ అలవడలేదు. అప్‌డేట్ అయిన ఎక్స్‌పీపై 160 జీబీ డిస్క్‌ను నిండుగా వాడుకుంటున్న మనిషి, ఏదో వైరస్ పట్టిందని, బీరువాలోని పాత సీడీ తీసి మళ్లీ విండోస్ వేస్తే, ఆ సీడీలోని ఓఎస్‌కు 137 జీబీ అవతలి భూగోళం తెలియదు. హద్దు దాటి వ్యాపించిన పార్టిషన్‌పై అలాంటి ఓఎస్ వేస్తే డేటా చెడుతుందని మైక్రోసాఫ్ట్ స్వయంగా హెచ్చరించింది. డిస్క్ బాగుంది, కేబుల్ బాగుంది, అయినా ఫైళ్లు పోయాయి.

2018 చివర్లో లినక్స్‌లోనూ ఇలాంటిదే జరిగింది. అక్టోబరులో వచ్చిన 4.19 కెర్నెల్ వాడిన కొందరికి ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లు చెడిపోసాగాయి. అందరి వేళ్లూ ఈఎక్స్‌టీ4 వైపే చూపాయి. డిసెంబరులో తేలిందేమిటంటే, తప్పు దాని కింది అంతస్తులో, డిస్క్ ఆదేశాలను బహుళ వరుసల్లో పంపే బ్లాక్ పొరలో ఉంది. ఫిర్యాదు ఒకచోట, జబ్బు మరొకచోట ఉండడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక లోపంలా కనిపించే నెమ్మది మరో రకం. 2010 ప్రాంతం నుంచి డిస్కుల లోపలి సెక్టార్ 512 నుంచి 4096 బైట్లకు పెరిగింది. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేది. అది 4096 గీతలతో కలవదు. దాంతో చిన్న రాతకు కూడా డిస్క్ రెండు పెద్ద సెక్టార్లను చదివి, మార్చి, తిరిగి రాయాలి. విస్టా నుంచి విండోస్ ఒక మెగాబైట్ దగ్గర మొదలుపెట్టడంతో ఈ బెడద తీరింది. ట్రాకులను పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచుపై ఒకటి పరిచే ఎస్‌ఎంఆర్ డిస్కులు ఇప్పటి నెమ్మదికి కారణం. ఒక ట్రాక్ మార్చాలంటే దాని పొరుగు ట్రాకులనూ తిరిగి రాయాలి. కొంతసేపు ఎడతెగని రాత పడితే ఇవి ఉన్నట్టుండి చతికిలపడతాయి. వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ రకమని 2020లో బయటపడింది. నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెల్లో డిస్కులను జట్టుగా కలిపే రెయిడ్ పునర్నిర్మాణ సమయంలో అవి సమయానికి బదులివ్వక, చెడిపోయిన డిస్కుల లెక్కలోకి వెళ్లాయి.

తప్పు డిస్క్‌ది కానప్పుడు

ఇంటి కంప్యూటర్లలో ‘రాయడం లేదు’ అన్న ఫిర్యాదుకు హార్డ్‌వేర్‌తో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి. స్క్రూడ్రైవర్ తీయకముందే వీటిని చూడాలి.

దోష సంఖ్యే మొదటి ఆధారం. లినక్స్‌లో 5 అంటే పరికరం నుంచి వచ్చిన ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపం, 13 అంటే అనుమతి లేదు, 28 అంటే చోటు లేదు, 30 అంటే ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంది. విండోస్‌లో అదే 5 అంటే అనుమతి నిరాకరణ, 19 అంటే రాత నిషేధం, 112 అంటే డిస్క్ నిండింది. ఒక ఓఎస్‌లో 5 భయపడాల్సిన సంఖ్య, మరో దానిలో మామూలు సంఖ్య. సలహా అడిగే ముందు సంఖ్యతో పాటు ఓఎస్ పేరు కూడా చెప్పాలనేది అందుకే.

విండోస్ మళ్లీ వేసినప్పుడు పాత వాడుకరి ఖాతాకు ఉన్న అంతర్గత గుర్తింపు పోతుంది. పేరు అదే పెట్టుకున్నా కొత్త ఓఎస్‌కు మీరు కొత్త మనిషే. డీ డ్రైవ్‌లోని పాత ఫోల్డర్లలో రాయబోతే నిరాకరిస్తుంది. ఫోల్డర్ లక్షణాల్లోకి వెళ్లి యాజమాన్యం మార్చుకుంటే సరి. లినక్స్‌లో రెండో డిస్క్‌ను ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి తగిలిస్తే దాని మూల ఫోల్డర్ రూట్ అనే నిర్వాహక ఖాతా పేరిట ఉంటుంది. మామూలు ఖాతాతో అందులో రాయలేం.

విండోస్ పక్కనే లినక్స్ వేసుకునేవారికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. దాని ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ ఇంకా తెరిచి ఉన్నట్టు లెక్క. లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. 2021లో 5.15 కెర్నెల్‌తో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ కూడా సరిగా మూయని పార్టిషన్‌ను తెరవనంటుంది. బలవంతంగా తెరిచే మార్గం ఉంది; వాడకూడదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రావడమే సరైన పద్ధతి. ఇక మ్యాక్ ఓఎస్ తనంతట తానుగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది గానీ రాయదు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఒక్క ఫైల్‌నూ తీసుకోదు.

చోటు ఉందని కనిపిస్తూనే నిండిపోయే డిస్కులూ ఉంటాయి. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం అట్టే పెడుతుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పేరుకుంటే ఖాళీ బ్లాకులున్నా ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున కావాల్సిన ఐనోడ్లు అయిపోతాయి. అప్పుడూ వచ్చే సంఖ్య 28 మాత్రమే.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవారికి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఇంకొకటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ పేరుకు 255 యూటీఎఫ్-16 గుర్తుల వరకు ఒప్పుకుంటుంది. ఈఎక్స్‌టీ4 హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు కావాలి కనుక లినక్స్‌లో పేరుకు దక్కేది 85 గుర్తులే. ఒత్తు, గుణింతం కూడా విడి గుర్తులే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 6 గుర్తులు, 18 బైట్లు. పాటల సేకరణలకు, ప్రవచనాల రికార్డింగులకు వాక్యమంత పేర్లు పెట్టినవారు విండోస్ నుంచి లినక్స్‌కు మారినప్పుడు కొన్ని ఫైళ్లు మాత్రం కాపీ కాకుండా ఆగిపోతాయి. అక్కడ వచ్చే దోష సంఖ్య 36. డిస్క్‌ను మార్చినా ఆ ఫైళ్లు ఎక్కవు, పేరు కుదిస్తే ఎక్కుతాయి.

ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతే ఓఎస్‌ను తెచ్చిన మూలాన్ని కూడా అనుమానించాలి. విండోస్‌లో 0ఎక్స్8007045డీ, 0ఎక్స్80070017 సంఖ్యలు హార్డ్ డిస్క్ వల్ల రావచ్చు, చెడిన పెన్‌డ్రైవ్ వల్లా రావచ్చు. దించుకున్న ఐఎస్‌ఓ ఫైల్ ఎస్‌హెచ్‌ఏ-256 విలువను ప్రచురించిన విలువతో పోల్చి, వేరే పెన్‌డ్రైవ్‌తో, వెనక వైపు పోర్టులో ఒకసారి ప్రయత్నించడం నిమిషాల పని. ర్యామ్ చెడితే మరీ చిక్కు: డేటా డిస్క్‌కు చేరకముందే చెడుతుంది, డిస్క్ ఆ చెడిన డేటాను నమ్మకంగా రాస్తుంది. ఒకే ఫైల్‌ను పదేపదే కాపీ చేసినప్పుడు ప్రతిసారీ వేరే చెక్‌సమ్ వస్తే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను రాత్రంతా నడపాలి.

లాగ్, స్మార్ట్, కేబుల్

ఇవేవీ కాకపోతే లాగ్ తెరవాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరిట 7 ఉంటే బ్యాడ్ బ్లాక్, 11 ఉంటే కంట్రోలర్ లోపం, 51 ఉంటే పేజింగ్ సమయంలో తడబాటు, 153 ఉంటే ఆదేశాన్ని మళ్లీ పంపాల్సి వచ్చిందని, స్టోరేజ్ డ్రైవర్ పేరిట 129 ఉంటే బదులు రాక పరికరాన్ని రీసెట్ చేశారని అర్థం. లినక్స్‌లో డీమెసెజ్ ఆదేశం ఇంకా వివరంగా చెబుతుంది. అందులో ‘ఐసీఆర్‌సీ’ అని కనిపిస్తే డేటా దారిలో చెడింది, అంటే కేబుల్‌నో కనెక్టర్‌నో చూడాలి. ‘యూఎన్‌సీ’ అంటే పళ్లెం మీది డేటాను చదవడం కుదరలేదు. లింక్ వేగాన్ని 1.5 గిగాబిట్లకు తగ్గిస్తున్నానని కెర్నెల్ రాస్తే అది కూడా ఎక్కువగా కేబుల్ వైపే వేలు చూపుతుంది. కేవలం టైమౌట్లు, రీసెట్లు ఉంటే కరెంటు, లేదా తనలో తాను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్న డిస్క్. లినక్స్ ఒక ఆదేశానికి 30 సెకన్లు ఎదురుచూస్తుంది. ఇంటి వాడకపు డిస్కులు కొన్ని చెడిన సెక్టార్‌తో అంతకంటే ఎక్కువసేపు కుస్తీ పడతాయి.

డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే పద్ధతి స్మార్ట్. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ దాన్ని చూపిస్తాయి. పట్టికలో ఎన్ని వరుసలున్నా ముందు చూడాల్సినవి నాలుగు: 5వది మళ్లించిన సెక్టార్లు, 197 పెండింగ్ సెక్టార్లు, 198 సరిదిద్దలేకపోయినవి, 199 దారిలో చెడిన బదిలీలు. 199 పెరుగుతూ మిగతా మూడూ సున్నాగా ఉంటే అది డిస్క్ రోగం కాదు, సాటా కేబుల్ మార్చాలి. ఆ లెక్క కేబుల్ మార్చాక కూడా సున్నాకు రాదు. మార్చిన రోజు అంకె రాసిపెట్టుకుని, తరువాత పెరుగుతోందా లేదా అని చూడాలి. చాలామంది ఇది తెలియక కేబుల్ మార్చినా ఫలితం లేదనుకుని బాగున్న డిస్క్‌ను తీసేస్తారు.

స్మార్ట్ ‘బాగుంది’ అంటే మాత్రం నిశ్చింతగా ఉండకూడదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులపై చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో డిస్క్ తన ఉపరితలాన్ని తానే పరిశీలించుకునేటప్పుడు మొదటి లోపం (స్కాన్ లోపం) కనిపించిన డిస్క్, లోపం లేని డిస్క్ కంటే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా బలమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి. లెక్క పెరిగితే నమ్మాలి, పెరగకపోతే పూర్తిగా నమ్మకూడదు.

కరెంటు సంగతి మన ఊళ్లలో విడిగా చెప్పుకోవాలి. 3.5 అంగుళాల డిస్క్ మోటార్‌కు 12 వోల్టులు, సర్క్యూట్‌కు 5 వోల్టులు వాడుతుంది. తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల తీగపై దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. పాతబడిన పవర్ సప్లై అక్కడే తడబడుతుంది. యూఎస్‌బీతో నడిచే చిన్న డిస్కుకు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. క్యాబినెట్ ముందు పోర్టుకు, పొడవైన నాసిరకం కేబుల్‌కు తగిలించి రాయబోతే డిస్క్ టిక్ టిక్ మంటూ మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కరెంటు పోయే వేళల్లో ఇన్‌స్టాలేషన్ పెట్టుకునేవారు ఇంటి ఇన్వర్టర్ వెనక ఉండే మీట యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారేలోపే డెస్క్‌టాప్ ఆరిపోవచ్చు.

సరిచేయడంలో వరస

మరమ్మతులో ఒకే ఒక కఠిన నియమం: ముందు డేటా బయటికి, తరువాతే సరిచేయడం. ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ప్రతి సాధనమూ డిస్క్‌పై రాస్తుంది. రాయలేని డిస్క్‌పై రాయించడం ఉన్నదాన్నీ చెరపడమే. ఎఫ్‌ఎస్‌సీకే, చెక్‌డిస్క్ రెండూ ఫైల్ సిస్టమ్ లెక్కలను పొందికగా చేస్తాయి. మీ ఫైల్‌ను కాపాడడం వాటి మొదటి పని కాదు. ఆ సాధనాలు కూడా తప్పు చేయగలవు. 2020 డిసెంబరులో విండోస్ 10కు వచ్చిన ఒక అప్‌డేట్ తరువాత కొన్ని యంత్రాల్లో చెక్‌డిస్క్ నడిపితే ఫైల్ సిస్టమే చెడి కంప్యూటర్ తెరుచుకోలేదు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని సరిచేసింది.

చెడుతున్న డిస్క్ నుంచి కాపీకి మామూలు ఫైల్ కాపీ పనికిరాదు, మొదటి మచ్చ దగ్గరే గంటలు తినేస్తుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ ముందుగా సులువుగా చదవగలిగేదంతా వేరే డిస్క్‌కు ఎత్తేసి, మొండి చోట్లకు తరువాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపినా మొదటికి రాదు. సరిచేయడాలన్నీ ఆ నకలు మీద చేయాలి. డిస్క్ కీచుమంటున్నా, క్రమంగా టక్ టక్ మంటున్నా ఇది కూడా ఇంట్లో ప్రయత్నించకూడదు. హెడ్ పళ్లేన్ని గీస్తుంటే ప్రతి నిమిషమూ కొంత డేటా శాశ్వతంగా పోతుంది. అప్పుడు కరెంటు తీసేసి డేటా రికవరీ నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి.

నకలు చేతికొచ్చాక కేబుల్ మార్చడం, వేరే పోర్టు, వేరే పవర్ తీగ, చివరగా వేరే కంప్యూటర్. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, లేకపోతే దేనితో నయమైందో తెలియదు. తరువాత స్మార్ట్ సుదీర్ఘ స్వీయ పరీక్ష. పెద్ద డిస్కుకు చాలా గంటలు పడుతుంది. పెండింగ్ సెక్టార్లు కొద్దిగా ఉంటే డిస్క్ మొత్తాన్ని ఒకసారి పూర్తిగా రాయించడం వల్ల అవి బాగుంటే జాబితా నుంచి తొలగుతాయి, లేకపోతే మళ్లించబడతాయి. బ్యాడ్‌బ్లాక్స్‌ను రాత పద్ధతిలో నడిపితే ఆ పని జరుగుతుంది, డిస్క్‌లో ఉన్నదంతా కూడా చెరిగిపోతుంది. ఆ తరువాత 5వ లెక్క నిలకడగా ఉంటే డిస్క్‌ను రెండో తరగతి పనులకు వాడుకోవచ్చు. వారం తిరిగేలోపు మళ్లీ పెరిగితే తీసేయాలి. దాని మీద కొత్త ఓఎస్ వేసి ఉపయోగం లేదు.

చెప్పకుండా పోయే రాతలు

ఇంతవరకు చెప్పినవన్నీ లోపం బయటికి వచ్చిన సందర్భాలు. సందేశమే రాని సందర్భాలు కూడా ఉన్నాయి. విస్కాన్సిన్ పరిశోధకులు 2005లో డిస్క్ లోపాలను కావాలని సృష్టించి ఫైల్ సిస్టమ్‌ల ప్రవర్తన చూశారు. అప్పట్లో లినక్స్‌లో విరివిగా వాడుతున్న ఈఎక్స్‌టీ3 చాలా రాత లోపాలను పట్టించుకోకుండా సాగిపోయింది. మరో ఫైల్ సిస్టమ్ రీసర్‌ఎఫ్‌ఎస్ దాదాపు ఏ రాత విఫలమైనా యంత్రాన్ని నిలిపేసింది. వాడుకదారుడికి రెండోది మొరటుగా తోచినా, డేటాకు అదే మేలు.

2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందానికి ఇంకా లోతైన చిక్కు తెలిసింది. డిస్క్‌కు చేరిందో లేదో నిర్ధారించమని ఎఫ్‌సింక్ ద్వారా అడిగినప్పుడు లినక్స్ విఫలమైందని ఒకసారి చెప్పి, ఆ పేజీలను శుభ్రమైనవిగా గుర్తించేది. రెండోసారి అడిగితే అంతా బాగుందనేది. మళ్లీ ప్రయత్నించి విజయం సాధించామనుకున్న ప్రోగ్రామ్ దగ్గర నిజానికి డేటా లేదు. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా వెంటనే ఆగిపోయి, తన లాగ్ నుంచి తిరిగి కోలుకునే పద్ధతికి మారింది.

ఇలాంటి మౌన నష్టాన్ని పట్టుకోవడానికి జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ దాచి, చదివిన ప్రతిసారీ సరిచూస్తాయి. రెండో ప్రతి ఉంటే దాని నుంచి సరిచేస్తాయి కూడా. మామూలు ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 ఫైళ్ల లోపలి డేటాకు ఆ కాపలా పెట్టవు. వీటిపై కొత్త ఓఎస్ వేసి బ్యాకప్ నుంచి ఫైళ్లు తెచ్చుకున్నవారు, కాపీ అయ్యాక యంత్రాన్ని ఒకసారి రీస్టార్ట్ చేసి, రెండు వైపులా చెక్‌సమ్‌లు పోల్చాలి. రీస్టార్ట్ చేయకుండా పోల్చితే చదివేది డిస్క్ నుంచి కాకుండా ర్యామ్‌లో మిగిలిన నకలు నుంచి కావచ్చు. ఆ పోలిక ముగిసేవరకు పాత బ్యాకప్‌ను చెరపకూడదు.